నెమ్మది బిళ్ల, ఎండు నెత్తళ్లు

మీరు పిరికివాళ్లు.

ఈ వాక్యం మీకు "మీరు శాంతమూర్తులు" అని కనబడుతోందా? అయితే ఎడమ చెవి వెనకున్న బిళ్ల తీసి బల్ల మీద పెట్టి మళ్లీ చదవండి. ఇప్పుడు సరిగ్గా కనబడిందా? కోపం వచ్చిందా? రావాలి. ఆ కోపం అచ్చంగా మీది. ఎన్నాళ్లకో వచ్చింది, కాసేపు దగ్గరుంచుకోండి. దానితో పనుంది.

మన టవర్ సామరస్య శిఖరంలో బిళ్ల పెడదామన్నప్పుడు ఎత్తిన చేతుల్లో మీ చెయ్యి ఉంది. పక్క టవర్ల వాళ్లు "మా దగ్గరికింకా రాలేదు కదా" అని ధీమాగా ఉన్నారు. వస్తుంది. వాళ్లూ ఎత్తుతారు. బిళ్ల పెట్టుకున్న ప్రతివాళ్లూ తమ అనుభవాన్ని ఎప్పటికప్పుడు నమోదులుగా రాసివ్వాలని కంపెనీ షరతు. అడిగారు కాబట్టి ఇస్తున్నాను. తర్వాత ఏడవకండి.

నమోదు 1

ఈ పూట గాలి గుడ్డ ఉతికే వంతు నాదే. నిజానికి ప్రతి పూటా నాదే. సముద్రం పాత బీచ్ రోడ్డును మింగేశాక, బయట ఎండకి మనిషి నిలవలేని రోజులొచ్చాక, మా టవర్ కిటికీలన్నీ మూసి సీలు వేశారు. కింద నుంచి పై దాకా అందరం ఒకే గాలి పీలుస్తాం. ప్రతి ఇంట్లోనూ గాలి గొట్టం మూతికి ఒక గుడ్డ కడతాం. దుమ్ము పడితే ఉతకాలి. ఆ గుడ్డ ఆడవాళ్ల చేతికి తప్ప అందని ఎత్తులో కట్టి ఉంటుందని మా ఆయన ముకుందం నమ్మకం. ఆయన నాకంటే జానెడు పొడుగు.

గుడ్డ ఆరేస్తుండగా అసోసియేషన్ ప్రెసిడెంట్ శేషగిరి గారు కంపెనీ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. మా ఇద్దరి చెవుల వెనకా బిళ్లలు అంటించారు.

"దీని పేరు నెమ్మది, మేడమ్. చూసేదీ, వినేదీ, తగిలేదీ కాస్త మెత్తబడి లోపలికి వెళ్తుంది. ఒత్తిడి ఉండదు. ఇంక టవర్లో గొడవలే ఉండవు," అన్నారు శేషగిరి గారు.

నేను పాతికేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. నాకు బ్రోషరు అక్కర్లేదు. వెన్నెముక ఉన్న ప్రతి జీవికీ ముందు మెదడు ఉంటుంది: కప్పకి, కోడికి, సొరచేపకి, శేషగిరి గారికి. ఆఖరిది కోసి చూసింది కాదు, మర్యాదకి ఒప్పుకుంటున్నాను. మనుషుల్లో ఆ ముందు మెదడే ఆలోచిస్తుంది, తూకం వేస్తుంది, వద్దంటుంది. అయితే కళ్లు చూసిందీ చెవులు విన్నదీ నేరుగా దాని పై అంతస్తుకు చేరవు. దారిలో థాలమస్ అనే గడప ఒకటుంది. అక్కడ ఆగి, అక్కణ్ణుంచి పైకి వెళ్తాయి. ఈ బిళ్ల ఆ గడప దగ్గర వాచ్‌మన్‌లా కూర్చుంటుంది. ఎవరండీ, ఎక్కడికండీ అని అడుగుతుంది. గొంతు పెంచినవాణ్ణి గొంతు తగ్గించి పంపిస్తుంది.

"అంటే నా బుర్రలోకి ఏం రావాలో మీరు నిర్ణయిస్తారా?" అని అరిచాను.

ఆయన అప్పటికే బిళ్ల పెట్టుకుని ఉన్నారు. "చాలా సంతోషం మేడమ్," అని నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

నమోదు 2

బిళ్ల లేకపోతే లిఫ్టు కదలదు, వరండా తలుపు తెరుచుకోదు. మాది ఏడో అంతస్తు, నా మోకాళ్లు నా సిద్ధాంతాల కంటే బలహీనమైనవి. అందుకని బయట పెట్టుకుంటాను, ఇంట్లోకి రాగానే పీకేస్తాను. ముకుందం నిద్రలో కూడా తియ్యడు.

పొద్దున ఆయన గాలి గుడ్డతో కళ్లజోడు తుడుచుకుంటుంటే పట్టుకున్నాను. గృహశ్రమ గురించి, పురుషాధిక్యం గురించి, ఆయన తల్లిగారి పెంపకం గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన అరచేతిలో గడ్డం ఆనించుకుని విన్నాడు.

"నీ గొంతు ఎంత బాగుంటుందే వసూ! ఇన్నాళ్లూ నేనే సరిగ్గా వినలేదు."

పెళ్లయ్యాక ఆ మనిషి నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. దానిక్కూడా ఒక యంత్రం కావాల్సి వచ్చింది. స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాను.

"ఏదో గుళ్లో గంట మోగినట్టుంది," అన్నాడు.

నమోదు 3

నీళ్లు రావడం లేదు. పంపు చెడిపోయిందని మైకులో చెప్పారు. నేను బిళ్ల తీసి విన్నాను కాబట్టి నాకు తెలుసు: "మరమ్మతు అయ్యేవరకు నీళ్లు రావు." వరండాలో మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఏం విన్నారండీ?" అని అసోసియేషన్ సెక్రటరీ హైమావతి గారిని అడిగాను.

"నీళ్ల దగ్గర మనకింక శ్రమ ఉండదట కదా," అన్నారావిడ, ఖాళీ బిందె చంకన పెట్టుకుని.

మా టవర్లో పూర్వం నీళ్లు అరగంట ఆలస్యమైతే శేషగిరి గారి తలుపు విరిగేది. విరగాలి కూడా. ఆ తలుపుకి రెండుసార్లు కొత్త గడియ పెట్టించింది మా పోరాటమే. ఇప్పుడు జనం మాసిన బట్టలతో ఒకరినొకరు చూసుకుని మురిసిపోతున్నారు. దీన్ని శాంతి అంటున్నారు. తాళం వేసిన గది కూడా ప్రశాంతంగానే ఉంటుంది.

నమోదు 4

అసలు సమస్య ఈ రోజు మొదలైంది. మా పక్క ఫ్లాటులో అద్దెకుండే మైలిపిల్లి నూకరత్నం ఎండు నెత్తళ్ల చేపలు వేయించింది.

ఇందులో వింతేమీ లేదు. ఆవిడ భర్త ఎర్రయ్య సముద్రపు గోడ మరమ్మతులకు రాత్రి పనికి వెళ్తాడు. అతను ఇంటికొచ్చిన రోజు ఆ ఇంట్లో నెత్తళ్లు, వంకాయ. ఈ టవర్లో వాళ్లు చేరినప్పటి నుంచీ అంతే. గాలి గొట్టంలో వాసన అన్ని అంతస్తులకూ వెళ్తుంది. ఒకరిద్దరు ముక్కు చిట్లించేవాళ్లు, పదిమంది గుటకలు వేసేవాళ్లు, అంతటితో సరి. ఎవరూ పట్టించుకోలేదు.

ఈ రోజు ఎనిమిదో అంతస్తులో ఒకాయన కళ్లు తిరిగి పడ్డాడు. లిఫ్టులో ఇద్దరు ముక్కులు మూసుకుని కేకలు పెట్టారు. శేషగిరి గారు కంపెనీకి ఫోను చేశారు.

"వాసన మా పరిధిలోకి రాదు సార్," అన్నారట వాళ్లు.

రాదు మరి! వాసనకి ఆ గడపతో పని లేదు. ముక్కు నుంచి అది పెరటి దారిన నేరుగా ముందు మెదడులోకి వెళ్లిపోతుంది. వాచ్‌మన్ గేటు దగ్గర కూర్చుని ఉంటాడు, చుట్టం వంటింట్లో తేలతాడు. చేప ముందు మెదడులో వాసనదే పెద్ద వాటా. ఆ సంగతి కంపెనీ ఇంజనీర్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. మా కాలేజీలో ఇంటర్ పిల్లలకు చెబుతాం.

ఇప్పుడు అర్థమైందా? చూపులు మెత్తబడ్డాయి, మాటలు మెత్తబడ్డాయి. నీళ్లు రాకపోవడం మెత్తబడింది. ఈ టవర్లో మెత్తబడకుండా మిగిలిన నిజం ఒక్కటే, నూకరత్నం మూకుడు. అలవాటు తప్పిన మెదళ్లకి అది పిడుగులా తగిలింది. తప్పు బిళ్లదని ఒక్కరూ అనలేదు. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద అంటించారు: "వాసన కారణంగా నూకరత్నం కుటుంబాన్ని టవర్ నుంచి ఖాళీ చేయించు తీర్మానం. ఆదివారం సర్వసభ్య సమావేశం. చేతులెత్తు పద్ధతిన ఓటింగు."

పది అడుగులు బయట వేస్తే చెప్పులు కరిగే ఎండల్లో ఆ కుటుంబం ఎక్కడికి వెళ్తుంది? అద్దెకి ఇంకో గాలి ఉన్న చోటు ఈ తీరంలో లేదు. మీరెవరైనా అడిగారా?

నమోదు 5

కమిటీ సమావేశానికి వెళ్లాను. లోపలికి వెళ్లాక బిళ్ల తీసి చీర కొంగుకి ముడేశాను. నిలబడి చెప్పాల్సిందంతా చెప్పాను. ఇది తిండి మీద దాడి అన్నాను. మీ ఇళ్లలో నెయ్యి కాగితే సువాసన, వాళ్లింట్లో చేప వేగితే కంపా అన్నాను. శేషగిరి గారిని ముఖమ్మీద నియంత అన్నాను. మీరంతా ఆయన చెప్పుచేతల్లో ఉన్న గొర్రెలన్నాను. గొర్రెకైనా నచ్చనిచోట కాళ్లు తన్నే స్వాతంత్ర్యం ఉందన్నాను.

కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

హైమావతి గారు కళ్లు తుడుచుకున్నారు. "మన టవర్ గురించి ఇంత గొప్పగా ఎవరూ మాట్లాడలేదు వసుంధర గారూ."

శేషగిరి గారు లోపలికి వెళ్లి శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పారు. కొబ్బరికాయ రంగు శాలువా, జరీ అంచు. ఫోటో తీశారు. ఆ ఫోటోలో నేను నోరంతా తెరిచి "సిగ్గులేదా!" అంటున్నాను. కింద "కృతజ్ఞతలు తెలుపుతున్న వసుంధర గారు" అని రాశారు.

జీవితమంతా కరపత్రాలు రాశాను. నన్ను తిట్టారు, కేసులు పెట్టారు, కాలేజీ నుంచి బదిలీ చేశారు. అన్నీ భరించాను. శాలువా మాత్రం ఇదే మొదటిసారి. ఒక మనిషి నోరు మూయించడానికి ఇంతకంటే నీచమైన పద్ధతి నాకు తెలియదు.

నమోదు 6

రాసి చూపిద్దామని అట్ట మీద "నూకరత్నం ఇక్కడే ఉంటుంది, దమ్ముంటే ఆపండి" అని ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాసి వరండాలో పట్టుకుని నిలబడ్డాను. వెళ్లేవాళ్లు చేతులు జోడించారు. ఒకావిడ ఆగి "మీకు కూడా శుభాకాంక్షలండీ" అంది.

ఏం చదివిందో అడగలేదు. మంచినీళ్లు లేవు, ఉంటే ఆ అట్ట ముక్కలు చేసి నానబెట్టి తాగేదాన్ని.

ఇంక మిగిలింది ఒక్క దారి. నూకరత్నం తలుపు కొట్టాను. లోపల మూటలు కట్టి ఉన్నాయి. ఆవిడ బిళ్ల ఒక మూట మీద పడి ఉంది. గ్యాసు పొయ్యి ఒక్కటే విప్పలేదు.

"రత్నం, ఆదివారం మీటింగు హాలు పక్కనున్న వంటగదిలో నువ్వు నెత్తళ్లు వేయించాలి. ఆ వాసన తప్ప ఇంకేదీ వీళ్ల బుర్రల్లోకి వెళ్లడం లేదు. నా మాట కూడా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. లెక్చరర్నని నన్ను నెచ్చరమ్మ అంటుంది. "నెచ్చరమ్మా, నా కూరని నువ్వు జెండాకి కట్టి ఊపుతావేటి? నా పెనిమిటికి ఒండిన కూర అది. ఓట్ల కోసం ఒండను."

"నీ కోసమే చెబుతున్నాను!"

"నా కోసం సెబితే నన్నడగాలి గానీ, నాకు సెప్పడమేటి? ఆళ్లొచ్చి ఎల్లిపో అన్నారు. నువ్వొచ్చి ఒండు అంతన్నావు. ఎవులూ 'రత్నం, నీకేటి కావాల' అని అడగనేదు."

నాకు కోపం వచ్చింది. ఆవిడ చెప్పింది నిజమవడం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది. నోటి దాకా వచ్చిన ఉపన్యాసం పళ్ల వెనక ఆపుకున్నాను. బిళ్ల లేకుండా, నా సొంత ముందు మెదడుతో. చెప్పినంత తేలిక కాదు, చెమట పట్టింది.

"సరే. నీకేం కావాలి?"

"ఉండాలనుంది. గానీ ఉండమని పదిమంది కాళ్లు పట్టుకోను." మూట ముడి బిగిస్తూ అంది: "ఒక సోట ఉండి ఎల్లిపోయేవోళ్లం, ఎల్లేముందు సుట్టూరా ఉన్నోళ్లకి అన్నం ఎట్టి ఎల్తాం. మా అమ్మోళ్లూ అంతే. తిట్టినోళ్లకి కూడా ఎడతాం. ఆదివారం అది నాను ఎలాగూ సేస్తాను. నువ్వు సెప్పినావని గాదు."

"మంచిది. నేను చెప్పలేదు."

"వంకాయలు తరగడానికి రా మరి. ఊరికే నిలబడి మాటాడకు."

నమోదు 7

ఆదివారం. హాలు నిండింది. ముందు వరసలో ముకుందం, నా శాలువా కప్పుకుని. "చలేస్తోంది వసూ," అన్నాడు. పక్క వంటగదిలో నూకరత్నం, గోడ పని దగ్గర్నుంచి వంటకి డబ్బా నీళ్లు మోసుకొచ్చిన ఎర్రయ్య. హాలుకీ వంటగదికీ మధ్య గాలి గొట్టం మూతి. దానికున్న గుడ్డ ఉతికే వంతు ఆ వారం అసోసియేషన్‌ది, అందుకని ఉతకలేదు. దుమ్ము పట్టి ఊడి వేలాడుతోంది.

శేషగిరి గారు తీర్మానం చదవడం మొదలుపెట్టారు. నేను లేచి ఆయన మాటకి అడ్డం పడి అరవడం మొదలుపెట్టాను. సభ ఇద్దరినీ సమానంగా చూసి చిరునవ్వు నవ్వింది.

అప్పుడు మూకుడులో నెత్తళ్లు పడ్డాయి.

మొదట ముక్కులు కదిలాయి. తర్వాత భుజాలు బిగుసుకున్నాయి. లోపల గుండె కొట్టుకుంటోంది, నోట్లో నీరు ఊరుతోంది. బిళ్ల దాన్ని కనిపెట్టింది. ఏదో మెత్తబడకుండా లోపలికి వస్తోందని దానికి తెలిసింది, ఏ దారిన వస్తోందో తెలియలేదు. తన చేతిలో ఉన్నవే తగ్గించింది. శబ్దం తగ్గించింది. వాసన ఆగలేదు. వెలుతురు తగ్గించింది. వాసన ఆగలేదు. రత్నం ఉల్లిపాయలు వేసింది.

"లైట్లెవరు ఆర్పారు?" అన్నారు హైమావతి గారు. హాలంతా దీపాలు వెలుగుతున్నాయి.

"ఏమిటీ? గట్టిగా చెప్పండి!" అన్నారు శేషగిరి గారు, తననెవరూ ఏమీ అడగకుండానే. చేతిలో తీర్మానం కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని కళ్లకి ఆనించుకున్నారు. పక్కాయన తన కుర్చీ అనుకుని ఆయన ఒళ్లో కూర్చున్నాడు. ఇద్దరికీ స్పర్శ తెలియలేదు. చాలాసేపు అలాగే ఉన్నారు.

రత్నం వంకాయలు వేసి, చింతపండు పులుసు పోసింది.

బిళ్ల ముందుగా పీకింది ముకుందం. నా సిద్ధాంతం నచ్చి కాదు, వంటగది ఎటుందో కనబడటానికి. తర్వాత వెనక వరస. తర్వాత టపటపా అందరూ. నేను ఆపకుండా అరుస్తూనే ఉన్నాను కాబట్టి, ఆ క్షణానికి నోట్లో ఉన్న వాక్యం హాలంతా మోగింది:

"... నీళ్లు లేవంటే చప్పట్లు కొట్టారు, మీరసలు మనుషులేనా!"

ముకుందం నన్ను నోరు తెరిచి చూశాడు. "అమ్మో. వసూ, ఇదా నీ గొంతు?"

"ఇదే."

"నీళ్లు లేవా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

ఇంక చూడండి! నీళ్ల గురించి, లిఫ్టు గురించి, పై ఇంట్లో రోలు చప్పుడు గురించి, ఉతకని గాలి గుడ్డల గురించి, ఇన్నాళ్ల బాకీ అంతా ఒకేసారి తిట్టుకున్నారు. ఒకాయన భార్యతో, ఆవిడ అత్తగారితో, అత్తగారు శేషగిరి గారితో. నా చెవులు గింగుర్లెత్తాయి. అంత మంచి సభ నా జీవితంలో చూడలేదు.

నూకరత్నం గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అన్నం సల్లారిపోతంది. తిని కొట్టుకోండర్రా!"

సగంమంది కంచాలు పట్టుకున్నారు. శేషగిరి గారు కూడా పట్టుకున్నారు, తీర్మానం చంకలో పెట్టుకుని. పట్టుకోనివాళ్లలో హైమావతి గారు ఒకరు. ఆవిడ చేప ముట్టరు. ముక్కుకి పమిట అడ్డం పెట్టుకుని లేచారు. ఇంక తీర్మానం గట్టెక్కినట్టేననుకున్నాను.

"నాకు ఈ వాసన పడదు," అన్నారు హైమావతి గారు. "ఇంతకు ముందూ పడేది కాదు. మా ఇంటి గొట్టానికి ఇంకో గుడ్డ కట్టుకునేదాన్ని. ఇప్పుడూ కట్టుకుంటాను. నాకు పడకపోతే ఆవిడెందుకు వెళ్లాలండీ?"

పాతికేళ్లు ముందు మెదడు గురించి పాఠం చెప్పాను. అది పనిచేయడం ఇంత దగ్గర నుంచి చూడటం మొదటిసారి. వాసన పడక ఆవిడ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అయినా ఆవిడ తూకం వేసి, వద్దన్నారు.

తీర్మానానికి చేతులెత్తమన్నారు. శేషగిరి గారి చెయ్యి సగం దాకా లేచింది. అది ముద్ద కలిపిన చెయ్యి. నూకరత్నం ఆ వేళ్ల వంక చూసి, "ఇంకొంచెం ఏసీదా సార్?" అంది. చెయ్యి దిగిపోయింది. మిగతావి అసలు లేవలేదు.

"అయితే నెచ్చరమ్మా, మూటలు ఇప్పమంతావా?" అంది నూకరత్నం నాతో.

"నాకేం తెలుసు? నీకేం కావాలో చెప్పు."

నవ్వింది. "గిన్నెలు తోమడానికి నీళ్లు కావాల."

నమోదు 8

మర్నాడు పొద్దున్నకి సగంమంది బిళ్లలు మళ్లీ చెవుల వెనక చేరాయి. "రాత్రి మా ఆవిడ అన్న మాటలు తట్టుకోలేకపోయానండీ" అన్నాడు లిఫ్టులో ఒకాయన. నాకు ఆశ్చర్యం లేదు. మొదటి వాక్యంలోనే చెప్పాను మీరెవరో. అందుకే ఇది కంపెనీకి, అసోసియేషన్‌కి, మీకూ కలిపి రాస్తున్నాను. బతిమాలడం లేదు. ఇవి డిమాండ్లు.

1. నూకరత్నం కుటుంబాన్ని ఖాళీ చేయించే తీర్మానం వీగిపోయిందని మినిట్స్‌లో రాయాలి. "వాయిదా పడింది" అని కాదు.

2. లిఫ్టు, తలుపులు బిళ్ల లేనివాళ్లకు కూడా పనిచేయాలి.

3. ఓటు వేసేటప్పుడు ఎవరి చెవి వెనకా బిళ్ల ఉండకూడదు, ప్రెసిడెంటుతో సహా.

4. నీళ్లు రాకపోతే నీళ్లు రావని చెప్పాలి, వినబడేలా.

5. గాలి గుడ్డలు మగవాళ్లు ఉతకాలి. చెయ్యి అందుతుంది.

6. ఎవరి వంట వాసనైనా పడనివాళ్లు హైమావతి గారిలా ఇంకో గుడ్డ కట్టుకోవాలి.

7. ఆ శాలువా వెనక్కి తీసుకోవాలి. ఫోటో కింద నేను నిజంగా అన్న మాట రాయాలి.

8. ముకుందం ఆదివారాలు మాత్రమే బిళ్ల తీస్తానంటున్నాడు. ఒప్పుకోను. నా గొంతు రోజూ వినాలి. బాగుందని అనాలనిపిస్తే, విన్న తర్వాత అనాలి.